వంపు గోళ్ళు: అతుకు నుంచి అలంకరణ దాకా

సహజమైన గోటి కొనకు టిప్ అనే ప్లాస్టిక్ ముక్కను అతికించి, పైన అక్రిలిక్ లేదా జెల్ పూత వేసి, ఆకురాయితో ఆకారం తెచ్చి, రంగులతోనూ రాళ్ళతోనూ తీర్చిదిద్దే పని నేడు ఒక పూర్తిస్థాయి చేతికళ. అందులో వంపు టిప్పుల పని మరింత నేర్పు కోరుతుంది. ఈ గోళ్ళకు వంపులు రెండు. ఈ పక్క నుంచి ఆ పక్కకు అడ్డంగా తిరిగేదాన్ని సీ-కర్వ్ అంటారు. రెండోది గోరు మొదలు నుంచి కొన దాకా కిందికి వాలే నిలువు వంపు. చూసేవారి కన్ను పడేది నిలువు వంపు మీద. గోరును నిలబెట్టేది అడ్డ వంపు. నాటు పెంకు తన వంపు వల్లే బరువు ఆపినట్టు, పక్కలకు చక్కగా దిగిన గోరు సన్నగా ఉన్నా గట్టిగా ఉంటుంది. చదును గోరుకు ఎంత మందంగా పూత వేసినా, పొడవు పెరిగేకొద్దీ పగుళ్ళు తప్పవు.

పొడవాటి గోళ్ళ మీద మోజు పాతదే. చైనాలో చింగ్ వంశపు రాజస్త్రీలు నగిషీ చెక్కిన గోటి తొడుగులు ధరించేవారు. ఉత్తర థాయ్‌లాండ్‌లోని ఫోన్ లెప్ నృత్యంలో నర్తకులు ఇప్పటికీ వంపు తిరిగిన ఇత్తడి గోళ్ళు తొడుక్కుంటారు. నేటి అక్రిలిక్ గోరు మాత్రం అమెరికాలో, దంతవైద్యం నుంచి వచ్చింది. 1950లలో ఫ్రెడరిక్ స్లాక్ అనే దంతవైద్యుడు తన విరిగిన గోటిని పళ్ళకు వాడే అక్రిలిక్‌తో సరిచేసుకోవడంతో ఈ దారి తెరుచుకుంది.

ఆ గోటిని కళగా పెంచింది ముఖ్యంగా రెండు వర్గాలవారు. మొదటివారు, పొడవైన వంపు గోళ్ళను తమ సొగసుకు గుర్తుగా మార్చుకున్న నల్లజాతి అమెరికన్ స్త్రీలు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం గెలిచిన నల్లజాతి క్రీడాకారిణి ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్నర్ రంగుల గోళ్ళతోనే పరుగెత్తింది. రెండోవారు వియత్నాం శరణార్థి స్త్రీలు. 1975లో కాలిఫోర్నియాలోని ఒక శిబిరంలో నటి టిప్పి హెడ్రెన్ తన మానిక్యూరిస్టును రప్పించి, ఇరవైమంది వియత్నాం స్త్రీలకు ఈ పని నేర్పించింది. వారి వెనుక బంధువులు, ఇరుగుపొరుగు ఇదే బాట పట్టారు. నేడు అమెరికాలో గోళ్ళ పనివారిలో సగానికి పైగా వియత్నాం మూలాలవారే.

పనిలో మొదటి మెట్టు శుభ్రత. పాత పాలిష్ తీసి, గోటి మొదట్లో అంటుకున్న చచ్చు చర్మాన్ని మెల్లగా వెనక్కి నెట్టి తొలగిస్తారు. తర్వాత నున్నటి ఆకురాయితో గోటి మెరుపు మాత్రమే పోయేలా రుద్దుతారు. అంతకు మించి అరిగితే గోరు పలచబడుతుంది. పైన నూనెను, తడిని పోగొట్టే ద్రవం రాస్తారు. పూత తొందరగా ఊడిపోయే సందర్భాల్లో చాలావాటికి కారణం ఈ దశలో చేసిన హడావుడే.

రెండో మెట్టు కొలత. టిప్పులు అంకెలు వేసిన సైజుల్లో దొరుకుతాయి. పది వేళ్ళకూ విడివిడిగా చూడాలి; రెండు చేతుల బొటనవేళ్ళు కూడా ఒకే కొలతలో ఉండకపోవచ్చు. టిప్ అంచులు గోటి రెండు పక్కలనూ సరిగ్గా తాకాలి. చిన్న టిప్‌ను నొక్కి సరిపెడితే అది తన వంపులోకి తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది. గోటిని లాగుతుంది, నొప్పి పుడుతుంది, చివరికి ఊడుతుంది. కాస్త పెద్దది తీసుకుని అంచులు అరగదీయడమే మేలు. కొనలు పైకి లేచే గోళ్ళున్నవారికి కిందికి వాలిన వంపు టిప్ చక్కగా నప్పుతుంది. సహజంగానే కిందికి వంగి పెరిగే గోళ్ళకు అదే టిప్ పెడితే గోరు కొక్కెంలా కనిపిస్తుంది.

మూడోది అతుకు. టిప్ అడుగున చిన్న గాడి ఉంటుంది. అందులో జిగురు వేసి, టిప్‌ను సుమారు 45 డిగ్రీల ఏటవాలులో పట్టి, గాడి అంచును గోటి కొనకు ఆనించి, నెమ్మదిగా వెనక్కి వాలుస్తారు. అలా వాల్చినప్పుడు లోపలి గాలి బయటికి పోతుంది. బుడగ మిగిలితే అక్కడ తేమ చేరి, సూక్ష్మజీవులు పెరిగి, గోరు పచ్చబడే ప్రమాదముంది. కొన్ని క్షణాలు అదిమి పట్టాక పొడవు కత్తిరించి, అతుకు గీత కనిపించకుండా టిప్‌నే నునుపు చేస్తారు. ఆకురాయి సహజ గోటికి తగలకూడదు.

పూతలో అసలు నేర్పు తేలుతుంది. కుంచెను అక్రిలిక్ ద్రవంలో ముంచి పొడికి తాకిస్తే కొనపై చిన్న ముత్యంలాంటి బొట్టు నిలుస్తుంది. ద్రవం ఎక్కువైతే బొట్టు జారి చర్మం మీదికి పాకుతుంది. తక్కువైతే పిండి కట్టి పగుళ్ళిస్తుంది. మొదటి బొట్టు కొనకు, రెండోది మధ్యకు, మూడోది గోటి మొదట్లోకి. మొదట్లో, అంచుల్లో పూత పలచగా ఉండాలి. సహజ గోరు వేలిని వదిలే చోటు దగ్గర ఎత్తుగా ఉండాలి, ఎందుకంటే పొడవాటి గోటి మీద పడే ఒత్తిడంతా అక్కడికే చేరుతుంది. పూత సగం గట్టిపడ్డ సమయంలో రెండు పక్కలనూ నొక్కి సీ-కర్వ్ బిగిస్తారు. ఆ అదను దాటితే వంపు రాదు.

ఆపై అలంకరణ. ఫ్రెంచ్ గీత, స్పాంజితో అద్దిన రంగుల కలగలుపు, అద్దంలా మెరిసే క్రోమ్ పొడి, పొదిగిన రాళ్ళు అందరికీ తెలిసినవే. ఎండుపూలనో తళుకునో రెండు పారదర్శక పొరల మధ్య బంధించే పద్ధతిలో పై పొరను అరగదీసేటప్పుడు లోపలి బొమ్మ బయటపడకుండా చూసుకోవాలి. ఎత్తుగా నిలిచే అక్రిలిక్ పువ్వుకు ఒక్కో రేకుకూ ఒక్కో బొట్టు పెట్టి, కుంచె కొసతో మధ్యకు నొక్కి లాగుతారు. వంపు గోటి మీద గీత గీయాలంటే కుంచెను ఒకే చోట ఉంచి వేలిని తిప్పడం అనుభవజ్ఞుల పద్ధతి.

గోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దానితోపాటు పూతలోని ఎత్తు భాగం ముందుకు జరిగి బలం తప్పుతుంది. అందుకే రెండు మూడు వారాలకోసారి మొదట్లో ఖాళీ నింపి ఎత్తును మళ్ళీ సరిచేయాలి. తీసేయాలంటే పై పూత అరగదీసి, అసిటోన్‌లో తడిపిన దూది చుట్టి, మెత్తబడేదాకా ఆగాలి. పీకితే సహజ గోటి పొరలు కూడా వెంట ఊడివస్తాయి.

రసాయనాల విషయంలో ఏమరుపాటు పనికిరాదు. అక్రిలిక్ పూతలో వాడిన మిథైల్ మెథాక్రిలేట్ ద్రవంతో గాయాలు, అలర్జీలు వస్తున్నాయని ఫిర్యాదులు రావడంతో 1970లలోనే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చర్యలు తీసుకుంది. ఆ తర్వాత దాని స్థానంలో ఎక్కువగా ఇథైల్ మెథాక్రిలేట్ వచ్చింది. జెల్‌ను గట్టిపరిచే టీపీఓ అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. గట్టిపడని జెల్ చర్మానికి తగిలితే జీవితాంతం ఉండే అలర్జీ రావచ్చు. రోజంతా ఆ పొడి, ఆవిరుల మధ్య కూర్చునే పనివారికి గాలి ఆడే గది, మాస్కు, చేతి తొడుగులు హక్కుగా అందాలి.

చాలాకాలం ఈ గోళ్ళను ఆడంబరమని తీసిపారేశారు. 2017లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం దుస్తులు, అలంకరణల ప్రదర్శనలో, గోళ్ళ కళాకారిణి బెర్నడెట్ థాంప్సన్ డాలరు నోటు ముక్కలతో రూపొందించిన గోళ్ళకు చోటిచ్చింది. ఆషాఢంలో గోరింటాకుతో గోళ్ళు పండించుకునే తెలుగు ఇళ్ళకు గోటి సింగారం విలువ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇప్పుడు పెళ్ళిళ్ళకు ఈ గోళ్ళు పెట్టించుకునేవారు ధరకంటే ముందు మూడు విషయాలు అడగాలి: ఏ ద్రవం వాడుతున్నారు, పనిముట్లు ఎలా శుభ్రం చేస్తున్నారు, గోళ్ళు ఎలా తీస్తారు. చేత్తో కలుపుకొని తినే అలవాటున్నవారు పొడవు తగ్గించుకుని, గోటి అడుగు రోజూ బ్రష్‌తో కడుక్కోవాలి. ఆ మూడు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబిచ్చే చేతికి మంచి కూలి చెల్లించడం ఈ కళకు దక్కాల్సిన న్యాయం.