చెవి ఇచ్చే జవాబు

ఈ వారం బుచ్చిరెడ్డిపాలెంలో ఒకరింట్లో బిడ్డకు పేరు పెడుతుంటే వెళ్లాను. ఉయ్యాల పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన స్టీలు తట్టను గరిటెతో ఠంగుమని మోగించారు. బిడ్డ ఉలిక్కిపడింది. "చూడండబ్బా, బాగా ఇనపడతా ఉండాది. ఇంకేం పరీక్షలు?" అన్నారాయన. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. కాన్పు చేసిన ఆసుపత్రి ఇచ్చిన వినికిడి పరీక్ష చీటీలో మాత్రం ఎడమ చెవికి ఎదురుగా ‘రిఫర్’ అని రాసి ఉంది. మళ్లీ తీసుకురమ్మన్న తేదీ ఎప్పుడో దాటిపోయింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

తట్ట పరీక్ష మీద నా కోపం ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. చెవి దగ్గర కొట్టిన తట్ట మోత మామూలు మాటకంటే ఎన్నో రెట్లు పెద్దది. వినికిడి సగం తగ్గిన బిడ్డయినా దానికి అదిరిపడుతుంది. ఒక చెవి బాగుంటే రెండోదాని లోపం బయటపడదు. కళ్ల ముందు చెయ్యి ఊగినా బిడ్డ కదులుతుంది. కానీ మాట నేర్వాలంటే వినపడాల్సింది తట్ట మోత కాదు. అమ్మ మెల్లగా మాట్లాడే మాట, అందులోని స, త లాంటి సన్నటి హల్లులు వినపడాలి.

ఆసుపత్రిలో చేసే ఓఏఈ పరీక్ష, అంటే చెవి నుంచి వెలువడే ధ్వనిని పట్టే పరీక్ష, అడిగేది బిడ్డను కాదు, నేరుగా చెవినే. మెత్తటి బిరడా ఒకటి చెవిలో పెడతారు. అందులో చిన్న స్పీకరు, చిన్న మైకు ఉంటాయి. స్పీకరు టిక్ టిక్‌మని సన్నగా మోగుతుంది. లోపల నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో సుమారు 12,000 వెలుపలి రోమకణాలుంటాయి. శబ్దం తగలగానే అవి సాగుతూ, కుంచించుకుంటూ దాని బలం పెంచుతాయి. ఆ కదలికలో పుట్టిన అతి సన్నటి ధ్వని వెనక్కి నడిచి కర్ణభేరి మీదుగా బయటికొస్తుంది. మైకు పట్టుకునేది దాన్నే. బిడ్డ నిద్రపోతుంటే ఇంకా మంచిది.

చెవి ధ్వనిని పుట్టిస్తుందన్న మాటను లోకం ముప్పై ఏళ్లు పట్టించుకోలేదు. వియన్నాలో పుట్టి కేంబ్రిడ్జిలో పనిచేసిన థామస్ గోల్డ్ 1948లోనే ఆ సంగతి చెప్పారు. నీటితో నిండిన గొట్టంలో కదలిక ఇట్టే అణిగిపోవాలి, అయినా చెవి అంత సూక్ష్మంగా స్వరాలను వేరుచేస్తోందంటే లోపల ఏదో శక్తిని అందిస్తూ ఉండాలి, అదే నిజమైతే చెవి నుంచి శబ్దం బయటికీ రావాలి అన్నది ఆయన వాదన. అప్పట్లో చెవి శాస్త్రంలో పెద్ద పేరు బెకెషీది. ఆయన చూసింది చనిపోయినవారి చెవులను, వాటిలో ఆ శక్తి కనిపించదు. 1961లో నోబెల్ ఆయనకే దక్కింది. గోల్డ్ ఇతర విషయాల వైపు వెళ్లిపోయారు. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ బతికున్న మనుషుల చెవుల్లో మైకు పెట్టి ఆ ధ్వనిని పట్టి చూపించారు. ఈ కథ తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. బతికున్న చెవిని వినాలని తోచడానికి అన్నేళ్లు పట్టింది!

చెవినే అడిగే వీలుంది కాబట్టే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ ఓఏఈ యంత్రం ఉండాలని రాయబోయాను. మేనరికాలు విస్తారంగా ఉన్న మన జిల్లాల్లో పుట్టుచెవుడు ముప్పు ఎక్కువ. ఈ మాట రాసినప్పుడల్లా నొచ్చుకునేవారున్నారు, అయినా రాయక తప్పదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతకమన్న లోపాల్లో పుట్టుచెవుడూ ఉంది. యంత్రం కావాలన్న మాట మీద నేనిప్పటికీ ఉన్నాను.

కానీ ఆ ఇంటి బిడ్డ విషయంలో యంత్రం తన పని చేసేసింది. రిఫర్ అంటే చెవుడని కాదు. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో చెవి దారిలో తెల్లటి జిగురు, మధ్య చెవిలో ఉమ్మనీరు మిగిలి ఉండి జవాబు రానివ్వవు. చాలామందికి రెండోసారి సరిగ్గానే వస్తుంది. జవాబు వచ్చినంత మాత్రాన నిశ్చింత అనీ కాదు. కామెర్లు ముదిరిన బిడ్డల్లో చెవి బాగుండి నరం దెబ్బతినవచ్చు, వాళ్లకు నరం స్పందనను చూసే బెరా పరీక్ష కావాలి. ఎటు చూసినా కీలకం ఆ రెండో రాకే.

ఆ రెండో రాక తప్పిపోయేది మన ఆచారం నడిచే దారిలోనే. తొలి కాన్పు పుట్టింట్లో. ఆసుపత్రిలో రాసిన ఫోను నంబరు తాతది. మూడో నెలలోనో అయిదో నెలలోనో తల్లీబిడ్డా అత్తగారి ఊరు చేరతారు. అది కావలి కావచ్చు, చెన్నై కావచ్చు. అక్కడి ఆశా కార్యకర్త పుస్తకంలో ఈ చెవి సంగతి ఉండదు. లోపాన్ని మూడో నెలకల్లా తేల్చి, ఆరో నెలకల్లా వినికిడి యంత్రం పెట్టాలంటారు వైద్యులు. సరిగ్గా ఆ నెలల్లోనే బిడ్డ ఊరు మారుతోంది.

టీకాలకైతే తల్లులు వస్తారు. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, ఏ ఊళ్లో ఉన్నా కార్డు పట్టుకుని వస్తారు. ఆ కార్డులోనే టీకాల గడుల పక్కన రెండు చెవులకు రెండు గడులు పెట్టండి. కుడి, ఎడమ, మళ్లీ చూడాల్సిన తేదీ. బుధవారం టీకా వేసే ఏఎన్ఎం ఆ గడి ఖాళీగా కనిపిస్తే అడగాలి, పరీక్షకు నెల్లూరుకు పంపాలి. అత్తగారి ఊళ్లోనూ అదే కార్డు, అదే ప్రశ్న. యంత్రాలు కొనే డబ్బు వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఇది. వచ్చే విడత కార్డులు అచ్చుకు వెళ్లేలోగా జిల్లా వైద్యాధికారులు దీన్ని చేపట్టాలని కోరుతున్నాను.