తోలుదీపముల ఛాయాచిత్రణము

తోలుబొమ్మల శిల్పులకు నెలవై, 2020లో పద్మశ్రీ నందిన దలవాయి చలపతిరావుగారి ఊరైన నిమ్మలకుంటలో, మేకతోలును వెలుగు చొరబాఱునట్లు శుభ్రపఱచి, ఉలితో రంధ్రములు తొలిచి, రంగులద్ది చేయు ల్యాంప్‌షేడ్లను ఇంట వెలిగించి ఛాయాచిత్రములు తీయువారి నేర్పు మిక్కిలి మెచ్చదగినది.

ఫ్లాష్ వేసిరా, పని చెడినట్లే. ముందునుండి పడిన వెలుతురు తోలును అట్టముక్కవలె చదును చేసి, రంగులను దాటివచ్చు లోపలి కాంతిని హరించును. కావున పని యెఱిగినవాడు కెమెరాను ట్రైపాడ్‌పై నిలిపి, బల్బును గాక తోలుమీది యెఱుపును చూచి వెలుగు కొలిచి, సూర్యుడస్తమించిన పిమ్మట కిటికీలోని నీలిమ యింకను మిగిలియుండగా, దీపకాంతియు బయటి వెలుగును సరితూగు ఆ కొలది నిమిషములలోనే మీట నొక్కును. అప్పుడు తోలుమీద చిత్రించిన హనుమంతుని భుజకీర్తులలోని రంధ్రములు విడివిడి చుక్కలుగా మెఱయును. వెలుగు కొంచెము హెచ్చెనా, అవన్నియు కలిసి తెల్లని మచ్చ యగును. ఇంత యోర్పు గల పనిని చిన్న వేడుక యనుట నాకు సమ్మతము గాదు.

ఇంట నిట్టి దీపమున్నవారు, వేడిమికి తోలు ముడుచుకొనును గనుక, తక్కువ వాట్ల ఎల్ఈడీ బల్బునే వాడి, తీసిన చిత్రము క్రింద శిల్పి పేరును, ఊరి పేరును తప్పక వ్రాయుదురు గాక.