పేటలో ఒక లెక్క, పట్నంలో ఒక లెక్క

2012లో నరసరావుపేటలో ఒకాయన కొత్త మారుతీ 800 కొన్నాడనుకుందాం. అదే ఏడు హైదరాబాదులో ఆయన బావమరిది ఆల్టో కె10 తీసుకున్నాడు. అప్పటికి రెండు ఊళ్లదీ ఒకే రాష్ట్రం, ఒకే రవాణా శాఖ. పేట కారుకి ఏపీ 07 నంబరు, పట్నం కారుకి ఏపీ 09. అయితే బావ కొన్న కారే తానూ కొనుక్కుందామని బావమరిది ముచ్చటపడినా కుదిరేది కాదు. 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాదుతో కలిపి పదమూడు నగరాల్లో భారత్ స్టేజ్-4 కార్లే అమ్మాలన్నారు. 800ని ఆ స్థాయికి తేకుండా మారుతీ ఆ నగరాల్లో దాని అమ్మకమే మానేసింది. మిగతా దేశానికి స్టేజ్-3 చాలు గనక పల్నాడులాంటి చోట్ల 800 ఇంకో నాలుగేళ్లు, 2014 జనవరిలో తయారీ ఆగేదాకా, షోరూముల్లో దొరికింది.

ఈ తేడాకి మూలం కార్లలో కంటే బంకుల్లో ఉంది. స్టేజ్-4 పెట్రోలులోనైనా డీజిలులోనైనా గంధకం పది లక్షల పాళ్లకి 50 మించకూడదు. స్టేజ్-3లో పెట్రోలుకి 150 దాకా, డీజిలుకి 350 దాకా చెల్లుతుంది. అంత శుభ్రమైన ఇంధనం దేశమంతటికీ చాలినంత అప్పట్లో లేదు. కాబట్టి నగరాలకి మంచి సరుకు, మిగతావాళ్లకి రెండో రకం. అందరికీ ఒకటే లెక్క వచ్చింది 2017 ఏప్రిల్లో. అదీ స్టేజ్-3 బండ్ల అమ్మకం కుదరదని ఆఖరి నిమిషంలో, మార్చి 29న, సుప్రీంకోర్టు తేల్చి చెప్పాక.

ఇప్పుడా రెండు కార్లూ పల్నాడులోనే తిరుగుతున్నాయి. హైదరాబాదు సెకండ్‌హ్యాండ్ కార్లు మిర్యాలగూడ, దాచేపల్లి, పిడుగురాళ్ల మీదుగా ఇటు చేరడం కొత్త సంగతి కాదు. రెండూ ఒకే బంకు పక్కన, ఒకే పొల్యూషన్ బండి దగ్గర ఆగాయి. సైలెన్సర్లోకి అదే గొట్టం దూర్చారు. 800కి కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం లోపుంటే చాలు, హైడ్రోకార్బన్లు పది లక్షల పాళ్లకి 750 దాకా ఉండొచ్చు. కె10కి మాత్రం 0.3 శాతం, 200. దానికి ఇంకో మెట్టు కూడా ఉంది. ఇంజను నిమిషానికి 2,500 చుట్లు తిరిగేలా రేసు ఇచ్చి పట్టుకుని, అప్పుడు మోనాక్సైడ్ 0.2 శాతం దాటకుండా, గాలీ పెట్రోలూ సరైన పాళ్లలో కాలుతున్నట్టు చూపించాలి. ఇన్ని గడపలు దాటినందుకు కె10కి ఏడాది సర్టిఫికెట్, 800కి ఆరు నెలలే. ఆ ఇంట్లో 1997 నాటి కార్బురేటర్ 800 ఇంకొకటి మూలన పడి ఉంటే దానికి 3 శాతం, 1,500 దాకా మినహాయింపు. అంటే ఒకే పేరున్న కారు పుట్టిన ఏడుని బట్టి ఒకలా, ఒకే ఏడు పుట్టిన కారు కొన్న ఊరిని బట్టి ఇంకోలా పరీక్ష రాస్తుంది.

ఒకే రోడ్డు మీద పొగ వదిలే బండ్లకి ఇన్ని కొలతలేమిటని అడిగేవాళ్లున్నారు. మాచర్ల రోడ్డు మీద నడిచేవాడి ఊపిరితిత్తులు ఇది స్టేజ్-3, అది స్టేజ్-4 అని లెక్కలు వేసుకోవు కదా అంటారు. ఆ మాట కాదనను. అయినా మన పొల్యూషన్ పరీక్షలో ఏదైనా న్యాయం ఉందంటే అది ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఏ కారుని ఏ స్థాయికి తయారుచేసి అమ్మారో ఆ స్థాయిలో అది ఇంకా ఉందా లేదా అన్నదే ఓనరుని అడగదగిన ప్రశ్న. రెండో రకం ఇంధనం పోసి, రెండో రకం కారు అమ్మి, పదేళ్ల తర్వాత మొదటి రకం పొగ రావాలనడం దబాయింపు.

ఆ దబాయింపు ఎలా ఉంటుందో చూడాలంటే ఢిల్లీతో పోల్చి చూడాలి. 2014 నవంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ పదిహేనేళ్లు దాటిన బండ్లు తిరగకూడదంది. 2015 ఏప్రిల్లో పదేళ్లు దాటిన డీజిలు బండ్లనీ అందులో చేర్చింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అక్కడ కారు పొగ ఎవరూ చూడలేదు, జాతకం చూశారు. ఏటా సర్వీసు చేయించిన కారుకీ, పుట్టాక బానెట్ ఎత్తని కారుకీ ఒకే తీర్పు. 2025 జులై 1 నుంచి అలాంటి బండ్లకి బంకుల్లో ఇంధనం పోయొద్దన్నారు, జనం గోలపెడితే రెండు మూడు రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఆగస్టులో సుప్రీంకోర్టు వయసు ఒక్కటే చూసి చర్యలు తీసుకోవద్దంది. డిసెంబరుకి ఆ రక్షణ స్టేజ్-4, ఆ పైవాటికే అని సవరించింది. పదేళ్లకు పైగా తిరిగి తిరిగి ఢిల్లీ కూడా వయసు దగ్గర్నుంచి స్టేజ్ దగ్గరికే వచ్చిందన్నమాట. పల్నాడులో పదిహేనేళ్లు దాటిన కారు ఫిట్‌నెస్ పరీక్షకి నిలబడి, ఎఫ్‌సీ తెచ్చుకుని, రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్లు పొడిగించుకుంటుంది. ఈ విషయంలో మన పద్ధతే తెలివైంది.

కొలతల సంగతి అలా ఉంచి పరీక్ష జరిగే తీరుకి వద్దాం. ఇక్కడ నా మెప్పు అయిపోయింది.

పెట్రోలు కారుది నిలబడి రాసే పరీక్ష. బండి కదలదు, ఇంజను మీద బరువు పడదు. కార్బురేటర్ కారుని ఈ పరీక్షకి సిద్ధం చేయడంలో పాత మెకానిక్కుల చేతివాటం చూసి తీరాల్సిందే. ముందు ఎయిర్ ఫిల్టరు. పిడుగురాళ్ల చుట్టూ సున్నపు బట్టీలు, మాచర్లలో సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న నేల ఇది. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల కంటే ఫిల్టరు ఇక్కడ చాలా ముందే మూసుకుపోతుంది. గాలి తగ్గితే కార్బురేటర్ కారులో మిశ్రమం చిక్కబడి మోనాక్సైడ్ ఎగబాకుతుంది. తర్వాత ప్లగ్గులు, పాయింట్లు, వాల్వుల సందు. చోక్ పూర్తిగా తెరుచుకుంటోందో లేదో. చివరిగా స్లో స్పీడు దగ్గరి మిక్చర్ స్క్రూ. దాన్ని కొంచెం కొంచెంగా బిగిస్తూ పోతే మోనాక్సైడ్ దిగుతుంది. ఒక హద్దు దాటితే మిశ్రమం మరీ పలచబడి సరిగా అంటుకోదు, కాలని పెట్రోలు సైలెన్సర్లోంచి వచ్చేసి హైడ్రోకార్బన్లు ఒక్కసారిగా లేస్తాయి. ఒకటి దించబోతే ఇంకోటి ఎక్కే ఈ రెండు అంకెల మధ్య చెవితో వినీ, వేళ్లతో తడిమీ సందు పట్టుకోవడమే ట్యూనింగ్. ఈమధ్య బంకుల్లో పోస్తున్న ఇరవై శాతం ఇథనాలు పెట్రోలు కూడా ఈ బండ్లలో మిశ్రమాన్ని కాస్త పలచన చేస్తుంది. మోనాక్సైడ్ విషయంలో అది పాత కారుకి అనుకోని సాయం. అదే ఇథనాలు పాత రబ్బరు పైపులకి, వాషర్లకి పడదన్నది వేరే ఏడుపు.

2012 నాటి 800లో ఈ స్క్రూ విద్య పనిచేయదు. అది ఇంజెక్షన్ బండి. ఫిల్టరు కొంత మూసుకున్నా కంప్యూటరు పెట్రోలు తగ్గించి సర్దుకుంటుంది. అక్కడ ఫెయిలయ్యేది ఎక్కువగా ఆక్సిజన్ సెన్సారు వల్ల, కాటలిటిక్ కన్వర్టరు వల్ల. ఆ కన్వర్టరు సుమారు రెండు మూడు వందల డిగ్రీలు వేడెక్కితేగాని పని మొదలెట్టదు. ఇంటి దగ్గర స్టార్టు చేసి, వీధి చివరి బంకులో ఆపి, చల్లటి ఇంజనుతో గొట్టం పెట్టించుకుని ఫెయిలయ్యే కార్లకి జబ్బేమీ లేదు. వినుకొండ రోడ్డు మీద పది పదిహేను కిలోమీటర్లు తోలుకొచ్చి, ఇంజను ఆపకుండా పరీక్ష చేయిస్తే చాలు.

డీజిలు బండిది దీనికి పూర్తిగా వ్యతిరేకం. బొలెరో గానీ సుమో గానీ ఇంజను వేడిగా ఉండగా గేరు వేయకుండా ఒక్కసారిగా రేసు మొత్తం తొక్కాలి. అలా కొన్నిసార్లు తొక్కి ఆ పొగలోంచి వెలుగు ఎంత ఆగుతోందో చూస్తారు. ఆ కొలతలో పాతవాటికి 2.45, స్టేజ్-4కి 1.62 హద్దు. పుస్తకం ప్రకారం చూస్తే ఇది పెట్రోలు పరీక్ష కంటే నిజాయితీగలది, బండి చేత పని చేయించి చూస్తుంది. బంకు దగ్గర చూస్తే ఇదే సులువుగా మోసపోతుంది. కారణం పరీక్ష అంతా డ్రైవరు పాదం కింద ఉంది. మెల్లగా, సగమే తొక్కితే నాజిల్ కారుతున్న బండి కూడా మర్యాదగా పొగ వదులుతుంది. పెట్రోలు కారు మెకానిక్కుకి మోసం చేయడానికైనా విద్య కావాలి, డీజిలుకి మొహమాటం లేకపోతే చాలు. నిజంగా బాగుచేయాలంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. పెట్రోలు కారుకి స్క్రూడ్రైవరుతో అయ్యే పని, డీజిలుకి నాజిళ్లు విప్పి టెస్టింగు, పంపు కాలిబ్రేషన్ దాకా పోతుంది. ఇంజను ఆయిల్ తాగుతూ నీలం పొగ వదులుతుంటే అది ట్యూనింగు పని కాదు, బోరు పని.

ఈ రెండు పరీక్షలకీ ఉమ్మడిగా ఒక గుడ్డితనం ఉంది. నైట్రోజన్ ఆక్సైడ్లని రెండూ కొలవవు. అవి ఎక్కువగా పుట్టేది ఇంజను బరువు లాగుతున్నప్పుడు, నిలబడి గురకపెడుతున్నప్పుడు కాదు. మోనాక్సైడ్ తగ్గించడానికి స్క్రూ బిగించి మిశ్రమం పలచన చేసిన కారు రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లు కాస్త ఎక్కువే వదలొచ్చు. పాసయ్యే ఉపాయమే ఎవరూ అడగని ఇంకో తప్పు చేయిస్తుందన్నమాట.

కాలిఫోర్నియా స్మాగ్ పరీక్షలో ఈ గుడ్డితనం కొంత తక్కువ. పల్నాడు నుంచి చదువుకోనో ఉద్యోగానికో అక్కడికి వెళ్లి పాత కరోలానో సివిక్కో కొనుక్కున్న కుర్రాళ్లకి ఇది బాగా తెలుసు. 1976 నుంచి 1999 దాకా వచ్చిన పెట్రోలు కార్లని గాలి కాలుష్యం ఎక్కువున్న ప్రాంతాల్లో రోలర్ల మీద ఎక్కించి, తోలుతున్నట్టుగా బరువు పెట్టి, నైట్రోజన్ ఆక్సైడ్లతో సహా కొలుస్తారు. 2000 నుంచి వచ్చిన కార్లకి మామూలుగా గొట్టమే పెట్టరు, కారు కంప్యూటరుకి వైరు తగిలించి దాన్నే అడుగుతారు. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే ఫెయిలు. బ్యాటరీ తీసి పెట్టి ఆ లైటు ఆర్పేసే చిట్కా ఏ మెకానిక్ షెడ్డులోనైనా చెబుతారు, కానీ అక్కడ అది పారదు. బ్యాటరీ తీస్తే కంప్యూటరు తన పాత తనిఖీలన్నీ మరిచిపోతుంది. అవి మళ్లీ పూర్తయ్యాయని అదే చెప్పేదాకా కారుని పాస్ చేయరు, కొన్నాళ్లు తోలుకు రమ్మంటారు.

అందులో నాకు నచ్చనిదీ ఉంది. కారు తన గురించి తాను చెప్పే సాక్ష్యాన్నే నమ్మి, పొగని కొలవకుండా పంపేయడం మరీ అంత గొప్పగా అనిపించదు. ఆ ఒక్క విషయంలో పొగని పొగగా కొలిచే మన పేద గొట్టమే నయం. అసలైన తేడా యంత్రాల్లో లేదు, ఆ పరీక్షని దేనికి కట్టారన్నదాంట్లో ఉంది. కాలిఫోర్నియాలో రిజిస్ట్రేషన్ ఏటా కట్టుకోవాలి. కొత్త కార్లని కొన్నేళ్లు వదిలేసి, తర్వాత ఏడాది విడిచి ఏడాది స్మాగ్ పాసైతేనే ఆ రిజిస్ట్రేషన్ జరుగుతుంది. పాత కారు అమ్మేటప్పుడు ఆ సర్టిఫికెట్ తెచ్చివ్వాల్సింది మామూలుగా అమ్మేవాడే. ఆదాయం తక్కువున్నవాళ్లు ఫెయిలైతే బాగుచేయించుకోవడానికి ప్రభుత్వం కొంత ఖర్చు పెట్టుకుంటుంది కూడా. మనకి రిజిస్ట్రేషన్ ఒకసారి చేస్తే పదిహేనేళ్లు. ఈలోగా పొల్యూషన్ కాగితం అడిగేది రోడ్డు మీద పోలీసో, రవాణా అధికారో. పదివేల దాకా జరిమానా అని 2019 సవరణ చట్టంలో ఉంది. బీమా రెన్యువల్‌కి పొల్యూషన్ సర్టిఫికెట్ తప్పనిసరని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ముడిపెట్టింది. దానివల్ల థర్డ్ పార్టీ బీమాలే తగ్గిపోతున్నాయని తేలి 2024 జులైలో ఆ ముడి విప్పేసింది. కాగితం పట్టుకు తిరగడానికి భయమే తప్ప కారణం మిగల్లేదు. భయంతో కొన్న కాగితం ఎలా ఉంటుందో, బండి రాకుండా నంబరు మాత్రమే వచ్చినా సర్టిఫికెట్ చేతికొచ్చే కథలు ఎన్ని వింటామో వేరే చెప్పక్కర్లేదు.

2021 జూన్‌లో కేంద్రం దేశమంతటికీ ఒకే నమూనా సర్టిఫికెట్ తెచ్చినప్పుడు అందులో ఒక మంచి పని చేసింది. ఫెయిలైన కారుకి ఏ అంకె దాటిందో రాసి తిరస్కరణ చీటీ ఇవ్వాలంది. ఆ చీటీ పట్టుకుని షెడ్డుకి వెళ్తే మెకానిక్కుకి జబ్బు సగం తెలిసిపోతుంది. మోనాక్సైడ్ ఎక్కువుంటే మిశ్రమం చిక్కగా ఉన్నట్టు, హైడ్రోకార్బన్లు ఒక్కటే లేస్తే ప్లగ్గో టైమింగో వాల్వో చూడమని. పరీక్షకి దండించడం కంటే ఇదే తగిన పని అని నాకనిపిస్తుంది. పొల్యూషన్ బండి దగ్గర ఆ చీటీ అడిగి తీసుకున్నవాళ్లని నేనింతవరకూ చూడలేదు. ఫెయిలైతే గొట్టం తీసి, కాసేపాగి, మళ్లీ పెడతారు.

మరోపక్క రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజులు చూడండి. 2022 ఏప్రిల్లో పదిహేనేళ్లు దాటిన కారుకి ఆరు వందలున్నది ఐదు వేలైంది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి పదివేలు చేశారు. గ్రీన్ టాక్సు వేరే. పొగ ఎంత వస్తోందన్నదానికీ ఈ పదివేలకీ సంబంధం లేదు, బాగున్న బండికీ బూడిద కక్కే బండికీ ఒకటే రేటు. పాత కార్బురేటర్ 800కి రిపేరు కిట్టు వేసి, ప్లగ్గులు, పాయింట్లు, ఫిల్టరు మార్చి, వాల్వులు సెట్ చేయించినా నరసరావుపేటలో ఏ షెడ్డులోనూ అంత కాదు.