ఈవ్ టాంగీ చిత్రములు: పేరులేని ప్రకృతి

'అధివాస్తవికత' యను పదము శ్రీశ్రీ మొదలగు కవుల మూలమున తెలుగు పాఠకులకు సుపరిచితమైనది. ఐనను మన విమర్శలో ఆ పదము రెండు వేర్వేరు వ్యాపారములకు భేదము లేక వాడబడుచున్నది. తెలిసిన వస్తువులను తెలియని రీతిని కూర్చుట యొకటి. తెలిసిన వస్తువే లేకుండ జేయుట మరియొకటి. సాల్వదోర్ దాలీ 1931లో మెత్తబడి వ్రేలాడు గడియారములను చిత్రించినప్పుడు అవి గడియారములని మన మెరుగుదుము, ఎరుగుటచేతనే ఆశ్చర్యపడుదుము. రెండవ మార్గమున చివరివరకు నడచినవాడు ఈవ్ టాంగీ. అతని చిత్రములను స్వప్నదృశ్యములని ఒక్కమాటతో తేల్చివేయుట పరిపాటి. ఆ మాట చాలదని మా యభిప్రాయము. అతని స్వప్నమునకు అడుగున కన్నులార చూచిన ప్రకృతి కలదు. అయితే అది వస్తురూపమున గాక సంబంధరూపమున కలదు.

టాంగీ 1900 జనవరి 5వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు బ్రిటనీ ప్రాంతమువారు. తండ్రి నౌకాదళమున పనిచేసినవాడు, 1908లో గతించెను. బాలుని సెలవుదినములు ఫినిస్తేర్ మండలమందలి లొక్రొనాన్ గ్రామమున గడచినవి. 1918లో వర్తకనౌకలో చేరెను. చిత్రకళను ఏ గురువునొద్దను అభ్యసింపలేదు. 1923 ప్రాంతమున బస్సులో పోవుచు ఒక అంగడి కిటికీలో దె కిరికో చిత్రమును చూచి దిగిపోయెనట. ఆ దినముననే చిత్రకారుడు కావలెనని నిశ్చయించుకొనెనట. 1925లో ఆంద్రే బ్రెతాన్ బృందమున చేరెను. జీవితకథ ఇంతమాత్రము చాలును.

మన తూర్పుతీరమువారికి ఒక విషయము చెప్పవలసియున్నది. మనకు ఆటుపోటుల నడిమి వ్యత్యాసము స్వల్పము. సాధారణముగా నిలువెత్తుకు మించదు. బ్రిటనీ తీరమున పెద్ద పోటుల దినములలో అది సుమారు 20 అడుగులు. ఆటు సమయమున సముద్రగర్భమే బయల్పడును. పాచి పట్టిన రాళ్లు, గుల్లలు, ఏ ప్రాణివో తెలియని శకలములు తడియిసుకపై చెదరియుండును. లొక్రొనాన్ సమీపమందలి దువార్నెనే అఖాతమున బాలుడు చూచినది ఇట్టి దృశ్యమే.

ఇప్పుడు 1927 నాటి 'అమ్మా, నాన్నకు గాయమైనది!' యను చిత్రమును చూతము. ఇది న్యూయార్కు ఆధునిక కళాసంగ్రహాలయమున నున్నది. మసకబారిన విశాలభూమి, కుడివైపున నూగుగల యొక పొడవాటి దండము, అచ్చటచ్చట చిక్కుడుగింజల వంటి చిన్నరూపములు. శీర్షికనుబట్టి కథ నూహించుట వ్యర్థము. టాంగీయు బ్రెతానును కలిసి పుస్తకములు తిరుగవేసి, అందు దొరికిన రోగుల మాటలవంటి వాక్యములను చిత్రములకు పేర్లుగ పెట్టిరి. శీర్షిక చిత్రమునకు తాళపుచెవి కాదు. ద్వారమున నిలిపిన మరియొక చిక్కుప్రశ్న.

మరి మనకు ఆధారమేది? నీడ. ఆ రూపములలో ఒక్కదానికిని పేరు లేదు. కాని వానికి నల్లని నీడ కలదు. నీడ గలది శరీరము గలది. శరీరము గలది నేలపై నున్నది. వస్తువులను తీసివేసిన టాంగీ నేలను, వెలుగును, దూరమును తీసివేయలేదు. పైపెచ్చు వానిని పూర్వకాలపు ప్రకృతిచిత్రకారులకంటె శ్రద్ధగా పాటించెను. 1930లో ఆఫ్రికా ఉత్తరభాగమున పర్యటించి వచ్చిన వెనుక అతని నేల పొరలుపొరలుగా శిలామయమయ్యెను. తరువాతి చిత్రములలో దిగంతరేఖయే మాయమై, నేల తెలియకుండ ఆకాశమగును. దీనిని మనోలోకపు ఆనంత్యమని వ్యాఖ్యానించుట కలదు. తడియిసుకలో ఆకాశము ప్రతిఫలించు వేళ సముద్రతీరమున నిలిచినవారు ఆ వ్యాఖ్యానమునకై అంత దూరము పోనక్కరలేదు.

ఇచట మన ఆలంకారికు డొకడు స్మరణకు వచ్చుచున్నాడు. కుంతకుడు 'వక్రోక్తిజీవితము'న స్వభావోక్తిని అలంకారముగ అంగీకరింపలేదు. వస్తుస్వభావము అలంకార్యమే గాని అలంకారము గాదనియు, స్వభావము లేని వస్తువు నిరుపాఖ్యమగుననియు, అనగా చెప్పుటకే వీలుపడనిదగుననియు అతని వాదము. టాంగీ రూపములు సరిగా నిరుపాఖ్యములు. చెప్పుటకు వీలుపడనిది చూపుటకు వీలుపడినది! కవికి ఈ స్వాతంత్ర్యము లేదు. మన ప్రబంధకవుల అష్టాదశవర్ణనలలో సముద్రము సముద్రమను పేరితోనే వచ్చును. నవీనకవి చంద్రునికి కత్తిని జతచేసినను చంద్రుడు చంద్రుడే. అట్టి కవితను టాంగీ చిత్రముతో పోల్చుట పొరపాటు. అది దాలీ మార్గము.

కవితలో దీనికి సమానమైనది వెదకవలెనన్న వ్యాకరణమున వెదకవలెను. అర్థములేని యొక శబ్దమును కల్పించి, దానికి విభక్తి చేర్చి, క్రియతో అన్వయించినచో వాక్యము నిలుచును. ఆ శబ్దమేమో తెలియదు గాని అది కర్తయో కర్మయో తెలియును. ఆ విభక్తియే టాంగీ నీడ. విభక్తులను సైతము చెదరగొట్టి, అదియే అధివాస్తవికతయని చెప్పుకొను రచనలు కొన్ని మేము చదివితిమి. వానియందు వింతవస్తువులకు కొదవలేదు. అవి నిలుచుటకు నేల లేదు.

టాంగీయందు లోపము లేదని మేము అనము. 1939లో అతడు అమెరికా చేరెను. 1940లో చిత్రకారిణి కే సేజ్‌ను వివాహమాడెను. మరుసటి యేడు కనెక్టికట్ రాష్ట్రమందలి వుడ్‌బరీలో స్థిరపడెను. అచ్చట అతని వర్ణములు పదునెక్కినవి. 1942 నాటి 'అనంత విభాజ్యత'లో యంత్రభాగములను పోలిన యొక నిర్మాణము పొడవైన నీడతో నిలిచియుండును. అది గొప్ప చిత్రమే. కాని ఆ దశాబ్దపు చిత్రములు పెక్కింటిలో రాయి, ఎముక, లోహము అన్నియు ఒకే నునుపున తేలినవి. చేతితో తాకి భేదము నెరుగగల బాలుని స్పర్శ అందు కొరవడినది. హస్తకౌశలము పెరిగినకొలది తీరము దూరమైనదని మాకు తోచుచున్నది.

1954 నాటి 'చాపముల గుణకారము'న ఆ తీరము తిరిగి వచ్చినది. పూర్వపు చిత్రములలోని ఖాళీ నేల ఇందు లేదు. గుండ్రాళ్ల వంటి రూపములు వేలకొలది ఒకదానినొకటి ఒరసికొనుచు, ముందునుండి చూపు పోవునంత దూరము క్రిక్కిరిసియున్నవి. పైన బూడిదవన్నె ఆకాశము. రాళ్లకు ఎప్పటివలె నీడలున్నవి. పడుటకు మాత్రము చోటు లేదు, ఒకదాని నీడ మరియొకదానిపై పడుచున్నది. 1955 జనవరి 15వ తేదీన టాంగీ మరణించెను.