ఉత్తరం, మారువేషం, బుర్రకథ: థ్రిల్లర్ కథన పద్ధతులపై ఒక పరిశీలన

థ్రిల్లర్ చిత్రం పడమటి నుంచి దిగుమతి అయిన సరుకన్న భావం మన విద్యార్థుల్లో బలంగా ఉంది. హత్య, పోలీసులు, చివరి రీలులో బయటపడే దోషి దాని లక్షణాలని చెప్పుకుంటాం. ఇవన్నీ వస్తువుకు సంబంధించినవి. కథన దృష్టితో చూస్తే థ్రిల్లర్‌ను నడిపేది ఒకే ప్రశ్న: ఏ సంగతి ఎవరికి, ఎప్పుడు తెలుస్తుంది? ఈ ప్రశ్నకు మదురై తెలుగులోనూ కోయంబత్తూరు తెలుగులోనూ మంచి సమాధానాలున్నాయని మా అభిప్రాయం.

1962లో త్రూఫోతో జరిపిన సంభాషణలో హిచ్‌కాక్ ఒక భేదం చూపించాడు. బల్లకింద బాంబు ఉన్నట్టు ప్రేక్షకుడికి తెలియకపోతే, అది పేలినప్పుడు కలిగేది క్షణకాలపు ఆశ్చర్యం. ముందే తెలిస్తే, బల్ల దగ్గర సాగే మామూలు మాటలు కూడా ఉత్కంఠ కలిగిస్తాయి.

ఈ రెండో పద్ధతి మనకు కొత్తది కాదు. మదురై పాలకుడు విజయరంగ చొక్కనాథుని (1706–1732) కాలంలో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని తెలుగు వచనంలో రాశాడు. జైమిని భారతంలోని చంద్రహాసుని కథ చూడండి. తనకు విషమిమ్మని రాసిన ఉత్తరాన్ని చంద్రహాసుడు తానే మోసుకుపోతాడు. అందులో ఏముందో మనకు తెలుసు, అతనికి తెలియదు. అతడు తోటలో నిద్రపోతుంటే మంత్రి కూతురు విషయ ఆ మాటను తన పేరుగా దిద్దుతుంది. ఇప్పుడు మంత్రికి తెలియనిది మనకు తెలుసు. రహస్యం చేతులు మారిన ప్రతిసారీ కథ మలుపు తిరుగుతుంది.

ఇక కోయంబత్తూరు. పక్షిరాజా సంస్థ పక్షాన ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు 1954లో ఒకే కథను తమిళంలో ‘మలైక్కళ్ళన్’గా, తెలుగులో ‘అగ్గిరాముడు’గా తీశారు. 1955లో అదే హిందీ ‘ఆజాద్’ అయింది. 1957లో కన్నడ, మలయాళాలకూ వెళ్ళింది. కథానాయకుడు దొంగగా పేరుపడినవాడు, మారువేషంలో జనం మధ్య తిరుగుతాడు. కానీ ఆ వేషంలో ఉన్నది ఎన్.టి. రామారావు అని ప్రేక్షకుడు ఇట్టే పోల్చుకుంటాడు. కాబట్టి ఇక్కడ ‘ఎవరు?’ అన్న ప్రశ్న నిలవదు. ‘మిగతావాళ్ళకు ఎప్పుడు తెలుస్తుంది?’ అన్నదే నిలుస్తుంది. అదే 1954లో ఎస్. బాలచందర్ ‘అంద నాళ్’ పాటలు లేకుండా, ఒక హత్య గురించి తలా ఒక కథనం చెప్పించి, దోషిని చివరిదాకా దాచింది. రెండూ థ్రిల్లర్లే. ఒకటి ప్రేక్షకుణ్ణి రహస్యంలో భాగస్వామిని చేస్తుంది, రెండోది అతణ్ణి బయట నిలబెడుతుంది.

‘అగ్గిరాముడు’లో నాజర్ బృందం చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ ఉంది. అది కథ పరుగుకు అడ్డమని కొందరు అనవచ్చు. మేము అలా అనుకోవడం లేదు. సర్కారు దృష్టిలో నేరస్థుడు, జనం దృష్టిలో వీరుడు అయిన మనిషిని ఎలా చూడాలో ఆ బుర్రకథ తెలుగు ప్రేక్షకుడికి చెబుతుంది. పైగా వంతలు అడుగుతుంటే కథకుడు కొంచెం కొంచెంగా విప్పడం బుర్రకథ పద్ధతి. అదీ ఉత్కంఠను నడిపే విద్యే.

అయితే ఒక లోపం చెప్పక తప్పదు. నాయకుడు మంచివాడన్న తీర్పు ముందే అందడంతో పోలీసుల వేటలో భయం పలచబడింది. ‘అంద నాళ్’లో ఆ సడలింపు లేదు.

తమిళ చిత్రం చూసిన మన విద్యార్థులు తెలుగు చిత్రాన్ని నకలని తోసిపుచ్చడం సరికాదు. కథాంశం ఒకటే అయినా చెప్పే తీరు భాషను బట్టి మారుతుంది. ఈసారి ఏ థ్రిల్లర్ చూసినా మూడు వరసలు గీసి రాసుకోండి: ప్రేక్షకుడికి తెలిసినది, నాయకుడికి తెలిసినది, ప్రతినాయకుడికి తెలిసినది. రెండు భాషల్లో వచ్చిన కథైతే రెండింటికీ విడివిడిగా రాసి పోల్చండి. నకలు ఏదో, పునఃకథనం ఏదో ఆ వరసలే తేలుస్తాయి.