గాజుతంతువును మోయు ఉక్కుతీగె

సమాచార ప్రసార మాధ్యమములను గూర్చిన పాఠ్యపుస్తకములలో ఒక పట్టిక తప్పక కన్పించును. ఎడమవైపు తీగెతో పనిచేయునవి: మెలివేసిన రాగి తీగెల జంట, కోయాక్సియల్ కేబులు, గాజుతంతువు. కుడివైపు తీగె లేనివి: రేడియో, సూక్ష్మతరంగములు, పరారుణ కిరణములు. వేగము, దూరము, వెల అను శీర్షికల క్రింద వాటి గుణదోషములు వ్రాసియుండును. పరీక్షకు ఇది చాలును. కాని ఉప్పల్ కూడలి నుండి నాచారము వైపు నడచి, వీధిస్తంభముల వంక తలయెత్తి చూచినవారికి ఈ పట్టికలో ఒక గడి తక్కువైనదని తోచక మానదు. ఆ తీగె దేనిపై వ్రేలాడుచున్నది?

2025 ఆగస్టు 17వ తేదీ రాత్రి ఉప్పల్ చేరువనున్న రామంతాపూర్ గోకులనగర్‌లో కృష్ణాష్టమి రథమును ఊరేగించుచుండగా విద్యుద్ఘాతము తగిలి ఐదుగురు మరణించిరి. వ్రేలాడుచున్న ఒక కేబులు 11,000 వోల్టుల తీగెను తాకినదనియు, ఆ కేబులు ద్వారా విద్యుత్తు రథమునకు ప్రాకినదనియు విద్యుత్ అధికారులు చెప్పిరి.

గాజు విద్యుద్బంధకము, కనుక గాజుతంతువు వలన విద్యుదపాయము లేదు అని పుస్తకములు వ్రాయును. గాజు వరకు అది నిజమే. వెండ్రుక వంటి ఆ తంతువులో నడచునది కాంతి. సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగముతో అది పోవును. 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల కాంతి 15 కిలోమీటర్లు పోయిన పిదప కూడ రమారమి సగము మిగిలియుండును. అయితే వట్టి గాజును ఎవరును స్తంభమునకు కట్టరు. గాలికి ఊగి తెగిపోకుండుటకు, ఇండ్లకు లాగు కేబులులో తరచు దాని సరసన ఒక ఉక్కుతీగెను అమర్చుదురు. తాను మోయుచున్నది కాంతియని ఆ ఉక్కునకు తెలియదు గదా! లోహమే లేకుండ అరమిడ్ నారతో బలపరచిన కేబులులు లేకపోలేదు. విద్యుత్ స్తంభముల కొరకే అట్టివి తయారగుచున్నవి. ప్రాణములతో ముడిపడిన ఈ భేదమునకు చాల పుస్తకములలో ఒక్క వాక్యమైనను దక్కలేదు.

ఆ దుర్ఘటన తరువాత నగరములో స్తంభములపైని కేబులులను తొలగింపసాగిరి. అనేకుల ఇండ్లలో ఇంటర్నెట్టు నిలిచిపోయినది. వివాదము హైకోర్టు కెక్కినది. ‘అంతయు తీగె లేకుండ చేసిన పోలేదా?’ అని అడుగువారు ఆ పట్టికను పూర్తిగా నమ్మినవారు. చేతిలోని ఫోను నుండి టవరు వరకే రేడియో. అటుపైన చాలచోట్ల మరల గాజుతంతువే. 2017 నవంబరులో తెరచిన నాగోలు-మియాపూర్ మెట్రో మార్గమును చూడవచ్చును. దాని నియంత్రణ కేంద్రము ఉప్పల్ డిపోలోనే కలదు. పరుగెత్తు రైలునకు తీగె కట్టుట సాధ్యము కాదు గనుక అది తన స్థానమును రేడియో ద్వారా దారిప్రక్క పరికరములకు తెలుపును. అచ్చటి నుండి కేంద్రమునకు ఆ వార్త తీగె వెంట చేరును. రెండును ఒకే గొలుసులోని లంకెలు. పట్టిక వాటిని పోటీదారులుగా నిలబెట్టినది.

ఇక ‘వెల’ అను గడి. మీటరు కేబులు ధరను బట్టియే అందులో ఎక్కువ, తక్కువ అని వ్రాయుదురు. రోడ్డు త్రవ్వి, గొట్టము పరచి, మరల పూడ్చుటకగు వ్యయము అందులో చేరదు. నగరములలో సాధారణముగ గాజుకన్న ఆ గోతియే ప్రియము. తీగె స్తంభమెక్కుటకు కారణమదియే.