నీడలో ఆరేసిన గుడ్డముక్కలు

పసుపు మరక మీద సబ్బు రుద్దితే మరక పోయే మాట దేవుడెరుగు, ముందు ఎర్రబడుతుంది. సాంబారు ఒలికిన తెల్లచొక్కా ఉతికిన ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. పసుపులోని కర్కుమిన్‌కు క్షారం తగిలితే ఎరుపెక్కే గుణం ఉంది. సబ్బుది క్షారగుణం. బాగా జాడిస్తే క్షారం పోయి ఎరుపు మళ్ళీ పసుపుకు దిగుతుంది. బళ్ళో ఆమ్లాలు, క్షారాల పాఠం దగ్గర పసుపు కాగితం చేయించేది ఈ గుణం కోసమే. అయితే ‘ఏ సబ్బు మరకను బాగా వదిలిస్తుంది?’ అని పోటీ పెట్టుకున్న పిల్లలకు మొదటి ఉచ్చు కూడా ఇదే. జాడించకముందే తీర్పు చెబితే క్షారం ఎక్కువున్న సబ్బు అన్యాయంగా ఓడిపోతుంది. పోనీ, జాడించి ఎండలో ఆరేసి చూద్దామా అంటే ఇంకో చిక్కు. పసుపు రంగును ఎండ తినేస్తుంది. అప్పుడు గెలిచింది సబ్బో సూర్యుడో తేలదు.

అందుకే ఆ గుడ్డముక్కల్ని నీడలో ఆరేయాలి. ఇంత చిన్న జాగ్రత్త వెనక ఎంత ఆలోచన ఉందో చూపించాలనే ఈ వ్యాసం. ఇంట్లో వాడే రెండు మూడు వస్తువుల్ని పక్కపక్కన పెట్టి పోల్చే బడిపిల్లల ప్రయోగం చూడ్డానికి ఆటలా ఉంటుంది. విప్పి చూస్తే గడియారంలా లోపల పళ్ళచక్రాలు కనిపిస్తాయి.

పాత చిత్తూరు జిల్లాకు పడమటి మండలాలుగా పేరుపడ్డ మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమలో ఈ పనితనానికి మంచి ఇళ్ళే ఉన్నాయి. కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ వారి 172 ఎకరాల ప్రాంగణం ఉంది. 1999లో మొదలైన ఈ సంస్థ చవకగా దొరికే సామాన్లతో చేసిన నమూనాల్ని వ్యాన్లకెక్కించి ప్రభుత్వ బడులకు తీసుకెళ్తుంది. పిల్లల్లోనే కొందరికి తర్ఫీదిచ్చి తోటిపిల్లలకు వాళ్ళచేతే చెప్పిస్తుంది. మదనపల్లె పక్కన రిషివ్యాలీలోనేమో గ్రామీణ విద్యా విభాగం వారు పాఠాల్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఒక నిచ్చెన మీద మెట్లలా అమర్చారు. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉంటే ఆ కార్డు తీసుకుని తనంతట తానే చేసుకుంటాడు. ప్రయోగాన్ని రాసిపెట్టాల్సిన తీరు కూడా ఇదే. ఒక కార్డు మీద ఒక్క పని. కార్డు చదివిన పరాయివాడు కూడా అదే పని, అదే కొలతతో చేయగలగాలి.

పెద్దల లోకంలోని పోలికకూ ఇక్కడ పాత సాక్ష్యం ఉంది. మదనపల్లె ఆరోగ్యవరంలో 1915లో వెలిసిన క్షయ శానిటోరియం వైద్యులు 1950లో చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీ టీకా మీద అధ్యయనం మొదలుపెట్టారు. కొందరికి టీకా వేసి, కొందరికి వేయకుండా ఉంచి, రెండు గుంపుల్నీ ఏళ్ళ తరబడి కనిపెట్టి చూశారు. టీకా వేయనివాళ్ళ లెక్క లేకపోతే వేసినవాళ్ళ లెక్కకు అర్థమే లేదు. మన గుడ్డముక్కల్లో ఆ లెక్క చెప్పేది వట్టి నీళ్ళలో జాడించిన ముక్క.

ఇక పనిలోకి దిగుదాం. ‘ఏ సబ్బు మంచిది?’ అన్న ప్రశ్నకు ఏ ప్రయోగమూ జవాబు చెప్పలేదు. మంచిదంటే నురగా, వాసనా, చేతులు మండకపోవడమా, చవకా? మొదట దాన్ని చెక్కాలి: ‘రెండు గ్రాముల సబ్బు, 200 మిల్లీలీటర్ల నీళ్ళలో, పది నిమిషాల్లో, నూలుగుడ్డ మీది పసుపునూనె మరకను ఎంత తగ్గిస్తుంది?’ ఇప్పుడు ప్రశ్న చేతికి చిక్కింది. మారేది ఒక్క సబ్బే. మిగతావన్నీ గాటికి కట్టేయాలి. ఏవి కట్టేయాలో కనిపెట్టడంలోనే ఉంది తెలివంతా. ఎందుకంటే తాడు తెంపుకుని తిరిగేవి మొదట కంటికి ఆనవు.

గుడ్డతో మొదలుపెడదాం. ఒకే పాత తెల్లపంచెను చించుకోవాలి. కొత్తగుడ్డలో మిల్లువాళ్ళు పెట్టిన గంజి ఉంటుంది, నీళ్ళు సరిగా ఇంకవు. ఐదు సెంటీమీటర్ల చదరాలుగా పదమూడు ముక్కలు కత్తిరించాలి. ఎందుకు పదమూడో తర్వాత చెబుతాను. మరకకు ఒక చెంచా పసుపు, నాలుగు చెంచాల వేరుసెనగ నూనె కలిపి, సూదిలేని సిరంజితో ఒక్కో ముక్క నడిమధ్యన అర మిల్లీలీటరు వదలాలి. మందుల షాపులో కొద్ది రూపాయలకు దొరికే ఈ సిరంజి పేదబడికి దొరికిన గొప్ప కొలపాత్ర. పసుపు అడుక్కు దిగిపోతుంది కాబట్టి ప్రతిసారీ కలియబెట్టి మరీ తీయాలి. లేకపోతే మొదటి ముక్కకు నూనె, చివరి ముక్కకు పసుపు దక్కుతాయి. మరక వేశాక అన్నిటినీ ఒక గంట ఆరనివ్వాలి.

ముక్కలకు గుర్తులు పెట్టడం కూడా చిన్న విద్యే. పెన్ను సిరా నీళ్ళలో కరిగి మరకలో కలుస్తుంది. చాకలివాళ్ళు వెనకటికి నల్లజీడి రసంతో గుర్తు పెట్టేవారు. ఎన్ని ఉతుకులకూ అది చెక్కుచెదరదు గానీ, చర్మానికి తగిలితే పొక్కుతుంది, పిల్లల చేతికి ఇవ్వదగ్గది కాదు. అంచున కత్తెరతో గాట్లు పెట్టడం మేలు. ఒక గాటు మొదటి సబ్బు, రెండు గాట్లు రెండోది, మూడు గాట్లు మూడోది. నాలుగు గాట్లుంటే వట్టి నీళ్ళది. ఏ గాటు ఏ సబ్బుదో ఒక్క పిల్లవాడికే తెలియాలి, వాడు తీర్పు చెప్పే చోట ఉండకూడదు.

ఒకే రకం నీళ్ళ సీసాల్లో, ఒకే కుండలోంచి తీసిన నీళ్ళలో, తురిమి తూచిన సబ్బు కరిగించాలి. ముక్క వేసి పది నిమిషాలు నాననిచ్చి, ముప్పైసార్లు ఆడించాలి. ఆడించేవాడు ఒక్కడే అయితే చేయి అలిసి చివరి సీసాలు మోసపోతాయి. కనుక సీసాల వరుస చీట్లు తీసి కలిపేయాలి. అలసటను పోగొట్టలేం గానీ, అందరికీ పంచగలం. తర్వాత రెండుసార్లు మంచినీళ్ళలో జాడించి, వసారాలో తీగకు వేలాడదీయాలి.

మూడు సబ్బులకు మూడేసి ముక్కలు, వట్టి నీళ్ళకు మూడు, అసలు ఉతకనిది ఒకటి. పదమూడు లెక్క ఇదే. ఉతకని ముక్క మరక మొదట్లో ఎలా ఉండేదో గుర్తుచేస్తుంది. నీళ్ళ ముక్కలు సబ్బు లేకుండానే ఎంత పోతుందో చూపిస్తాయి. ఈ రెండూ లేని పోలికలో, నీళ్ళు చేసిన పని కూడా సబ్బు ఖాతాలో పడిపోతుంది.

కంటితో చూసి ‘ఇది కొంచెం మెరుగు’ అంటే కుదరదు, కొలబద్ద కావాలి. ఈ ప్రయోగంలో నాకు అన్నిటికంటే నచ్చే భాగం ఇది. పసుపునూనెలో అంతే నూనె కలిపితే సగం గాఢత, అందులో మళ్ళీ అంతే కలిపితే పావు. అలా ఐదు మెట్లు చేసి, ఐదు గుడ్డముక్కల మీద అదే అర మిల్లీలీటరు చొప్పున వేసి ఒక అట్టకు అంటిస్తే రంగుల నిచ్చెన తయారవుతుంది. ఉతికిన ముక్కను దాని పక్కన జరుపుతూ ఏ మెట్టుకు సరిపోతే ఆ అంకె రాయాలి. ముగ్గురు విడివిడిగా, ఒకరి అంకె ఒకరికి చూపకుండా రాస్తే ఇంకా మంచిది. ఒక్క హెచ్చరిక: కొన్ని బట్టల పొడుల్లో గుడ్డకు నీలిమెరుపు తెచ్చే రసాయనాలుంటాయి. ఆ మెరుపు కింద పసుపు ఛాయ దాక్కుంటుంది. మరక లేని ముక్కను కూడా ఆ పొడిలో ఉతికి పక్కన పెట్టుకుంటే ఆ మాయ బయటపడుతుంది.

మొదటి సబ్బుకు 2, 3, 4 వచ్చి, రెండోదానికి 3, 3, 4 వచ్చాయనుకోండి. సగటు చూసి గెలుపు ప్రకటించాలని చేయి దురద పెడుతుంది. కానీ ఒకే సబ్బు మూడు ముక్కల మధ్యనే రెండు మెట్ల తేడా ఉన్నప్పుడు, సబ్బుకూ సబ్బుకూ మధ్య మూడోవంతు మెట్టు తేడాకు విలువేముంది? ‘తేడా కనబడలేదు’ అని రాయడం పిల్లలకు మొదట చప్పగా అనిపిస్తుంది. ఆ తర్వాత ఒక్కో ఉతుకుకు పడిన సబ్బు ధరను పక్క గడిలో రాయమనండి. ఒకేలా ఉతికిన రెండిట్లో ఒకటి రెట్టింపు ధర పలికితే, ఆ చప్పటి వాక్యమే ఇంటికి తీసుకెళ్ళి అమ్మకు చదివి వినిపిస్తారు.

నీళ్ళు మారిస్తే కథ మొత్తం తిరగబడుతుంది. కందిపప్పు ఉడకని, సబ్బు నురగని బోరు నీళ్ళు ఈ సీమలో కొత్త కాదు. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని తెల్లటి తెట్టుగా మారుస్తాయి. అవి తీరేదాకా వేసిన సబ్బంతా దండగే. స్కాట్లండు రసాయనవేత్త థామస్ క్లార్క్ 1841 నాటికే ఈ దండగను కొలతగా మలిచాడు. సీసాలో 50 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకుని, సబ్బునీటిని కొంచెం కొంచెంగా కలుపుతూ, ఆడిస్తూ పోవాలి. నురగ ఐదు నిమిషాలు విరగకుండా నిలిచినప్పుడు ఆపాలి. ఎంత సబ్బునీరు పట్టిందో అదే కాఠిన్యానికి గుర్తు. వాననీటికి, బోరునీటికి పక్కపక్కన చేసి చూస్తే పదేళ్ళ పిల్లకు కూడా అర్థమైపోతుంది. బట్టల పొడిలోని డిటర్జెంటు ఈ తెట్టుకు అంతగా లొంగదు. అందుకే వాననీటిలో గెలిచిన సబ్బు బోరునీటిలో ఓడిపోవచ్చు. ఏ ఊరి నీళ్ళో రాయని ఫలితం సగం ఫలితమే. పప్పు ఉడికే సమయాన్ని పోల్చేవాళ్ళయితే ఎత్తును కూడా రాసుకోవాలి. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీళ్ళు 98 డిగ్రీల లోపే మరుగుతాయి. నెల్లూరు పిల్లల లెక్కతో వీళ్ళ లెక్క కలవదు, ఇద్దరిలో ఎవరిదీ తప్పుండదు.

మదనపల్లె అన్నాక టమాటా లేకుండా ఎలా? మార్కెట్‌యార్డు నిండా ఉండే ఆ కాయలో సి విటమిన్ ఎంతుందో, ఉడికిస్తే ఎంత తగ్గుతుందో చూడ్డానికి టింక్చర్ అయోడిన్, గంజి చాలు. గంజిలో అయోడిన్ పడితే నీలం. సి విటమిన్ ఉన్నంతసేపూ అది అయోడిన్‌ను మింగేస్తుంది కనుక నీలం రాదు. అది అయిపోయిన తర్వాతి చుక్కకు నీలం నిలుస్తుంది. ఈ సీమలో రాగులకు కొదవలేదు గానీ ఈ పనికి బియ్యపు గంజే మేలు, దాని రంగు అడ్డం రాదు.

ఇక్కడి నేర్పు పలచన చేయడంలో ఉంది. 100 గ్రాముల టమాటాలో సి విటమిన్ దాదాపు 14 మిల్లీగ్రాములు. గుడ్డలో వడకట్టిన పది మిల్లీలీటర్ల రసానికి రెండు శాతం టింక్చర్ నేరుగా వేస్తే రెండు చుక్కలకే నీలం వచ్చేస్తుంది. ఒక్క చుక్క తేడా వస్తే లెక్క సగానికి సగం తప్పు. అదే టింక్చర్‌ను పదింతలు పలచన చేస్తే ఇరవై చుక్కలు పడతాయి, ఒక చుక్క తప్పితే నూటికి ఐదు. కొత్త పరికరమేదీ కొనలేదు, చూపు మాత్రం పదిరెట్లు పదునెక్కింది. చుక్కల్ని మిల్లీగ్రాములుగా మార్చడానికి 500 మిల్లీగ్రాముల సి విటమిన్ మాత్రను అర లీటరు నీళ్ళలో కరిగిస్తే, మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉన్న నీళ్ళు తయారు. అందులో రెండు మిల్లీలీటర్లకు ఎన్ని చుక్కలు పట్టాయో చూసుకుంటే త్రైరాశికమే మిగిలింది. రసంలో అయోడిన్‌ను మింగే ఇతర పదార్థాలు కూడా కొద్దిగా ఉంటాయి. ఆ సంగతి ఫలితం కిందే ఒక వాక్యంలో రాయాలి.

పుంగనూరు పేరు చెబితే పొట్టి ఆవు గుర్తొస్తుంది. దాని పాలలో వెన్న ఎనిమిది శాతం దాకా ఉంటుందని పేరు, మామూలు ఆవుపాలలో మూడు నాలుగు శాతమే. తేడా చూద్దామని పిల్లలు లాక్టోమీటరు తెస్తే అది నిలువునా ముంచుతుంది. వెన్న నీటికంటే తేలిక కనుక, వెన్న ఎక్కువైతే పాల సాంద్రత తగ్గుతుంది. నీళ్ళు కలిపినా తగ్గుతుంది. చిక్కటి పాలలోనూ నీళ్ళపాలలోనూ లాక్టోమీటరు ఒకే తీరున లోతుకు దిగవచ్చు. కొలిచే వస్తువు దేన్ని కొలుస్తోందో ముందు అడగాలని చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నేనెరుగను. సన్నని పొడవాటి సీసాల్లో సమానంగా పాలు పోసి, చల్లటి చోట రాత్రంతా కదలకుండా ఉంచి, పైన కట్టిన మీగడ మందాన్ని స్కేలుతో కొలవడం మోటుగా కనిపించినా దానికన్నా నిజాయితీ గల పద్ధతి.

‘కొలతలెందుకు, ఒక గుక్క తాగి చెబుతా’ అనే తాతయ్య ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. ఆయనకీ ఒక ప్రయోగం ఉంది. పాలు ముందు పోశారో టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనన్న ఒకావిడ కోసం గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ ఎనిమిది కప్పుల పరీక్ష అల్లాడు. 1935లో వచ్చిన ఆయన పుస్తకంలో అది ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన మన సి.ఆర్. రావు ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో పరిశోధన చేశాడు. తాతయ్యకూ అదే పరీక్ష: ఎనిమిది గ్లాసులు, నాలుగింటిలో పుంగనూరు ఆవుపాలు, నాలుగింటిలో మామూలు పాలు, వరుస చీట్లు తీసి నిర్ణయించాలి. నాలుగేసి ఉన్నాయని తాతయ్యకు చెప్పేయవచ్చు. ఎనిమిదిలోంచి నాలుగు ఎంచుకునే తీరులు 70. ఊరికే ఊహించి అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం డెబ్బైలో ఒకటి. మూడు సరిగ్గా పట్టి ఒకటి తప్పే తీరులు పదహారున్నాయి కనుక, దాన్ని గెలుపు కింద జమకట్టకూడదు.

రెండు రకాల పాలనూ ఒకేసేపు కాచి, ఒకే వేడికి చల్లార్చాలి. పాల రంగు కనిపించకుండా ఆయన కళ్ళకు తువ్వాలు కట్టాలి. గ్లాసులు ఎనిమిదీ ఒకేసారి, ఒకే నీళ్ళతో కడిగి బోర్లించి ఉండాలి. ఒకదాని అంచున సబ్బు వాసన మిగిలిపోయిందా, తాతయ్య నాలుక మొదట పట్టేది దాన్నే.